ముప్ఫై ఒక్క చీటీలు: సికిల్ సెల్ రోగి గుండెలో ఇనుమును వెతకడం గురించి

(విజయనగరంలో సికిల్ సెల్ రోగుల కుటుంబాలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వైద్య విద్యార్థులు పాల్గొన్న సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం. ముందు వరుసల్లో పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లులు, వెనక వరుసల్లో వైద్య విద్యార్థులు ఉన్నారు. ఇద్దరికీ ఒకే మాటలతో చెప్పడం కష్టం కనుక ముందు వరుసల వారినే చూస్తూ మాట్లాడతాను. విద్యార్థులకు కావలసినదీ అందులోనే దొరుకుతుంది.

కొన్నేళ్ల కిందట సీతంపేట కొండల వైపు నుంచి ఒక తండ్రి, పదిహేడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కుర్రవాడికి సికిల్ సెల్ వ్యాధి ఉన్నట్టు చిన్నప్పుడే తెలిసింది. నాలుగడుగులు ఎత్తు ఎక్కితే ఆయాసం వస్తోందని వచ్చారు. తండ్రి రేషన్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవరు తీసి, మడతలు నలిగిన చీటీలను నా బల్ల మీద వరసగా పరిచాడు. కొడుక్కి రక్తం ఎక్కించిన ప్రతిసారీ బ్లడ్ బ్యాంకు వారు ఇచ్చిన క్రాస్ మ్యాచ్ చీటీలవి. లెక్కపెడితే 31 ఉన్నాయి. "బావూ, రగతం ఎక్కువెక్కిస్తే గుండెకి ఇనుం పట్టేస్తాదని ఎవులో సెప్పినారు. మా వోడికి పట్టీసిందేటి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నికరమైన జవాబు చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. అంతకాలం పట్టడంలో నా తప్పు కూడా కొంత ఉంది. ఆ తప్పుతో సహా చెప్పడానికే ఈవేళ నిలబడ్డాను.

మొదట ఆ చీటీల లెక్క చూద్దాం. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి 3 నుంచి 4 గ్రాములు. అందులో ఎక్కువ భాగం ఎర్రరక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మనం తినే తిండి నుంచి పేగులు రోజుకు 1 లేదా 2 మిల్లీగ్రాములు పీల్చుకుంటాయి, చర్మం మీది కణాలు, పేగుల లోపలి పొర రాలిపోవడం వల్ల దాదాపు అంతే బయటికి పోతుంది. ఎక్కించే ఎర్రకణాల్లో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఇనుము ఉంటుందనుకుంటే, ఒక్కొక్క సంచితో సుమారు 200 మిల్లీగ్రాములు లోపలికి చేరుతుంది. అంటే ఒక వరి పంట కోతకు వచ్చేంత కాలం తిండి తిని సంపాదించుకునే ఇనుమును మనం మూడు నాలుగు గంటల్లో నరం గుండా పంపిస్తున్నాం. 31 సంచులకు 6 గ్రాములు దాటింది. ఆ కుర్రవాడి బరువు 38 కిలోలు.

మన వైపు చెరువుకు మదుం ఉంటుంది, అలుగు ఉంటుంది; నీరు ఎక్కువైతే పోయే దారి ఉంటుంది. ఇనుము విషయంలో మనిషి శరీరం మదుం లేని చెరువు. ఎక్కువైన ఇనుమును మూత్రంలోకో మలంలోకో తోసివేసే ఏర్పాటు మనకు పుట్టుకతో లేదు. ఆడవారికి నెలసరిలో కొంత పోతుంది, అంతే. ఎక్కించిన కణాలు కాలం తీరి చితికిపోయినప్పుడు అందులోని ఇనుము ముందు ప్లీహంలోని, కాలేయంలోని భక్షక కణాల్లో నిలవ ఉంటుంది. ఆ నిలవ నిండిపోయాక రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీను కూడా నిండిపోతుంది. అప్పుడు ఏ బండీ ఎక్కని ఇనుము విడిగా తిరుగుతూ కాలేయ కణాల్లోకి, హార్మోన్ గ్రంథుల్లోకి, చివరికి గుండె కండరంలోకి దూరుతుంది. గుండె కణంలోకి అది దూరే ద్వారాల్లో కాల్షియం కోసం ఉన్నవి కూడా ఉన్నాయి. ప్రతి స్పందనకూ తెరుచుకోక తప్పని ద్వారాలు కనుక గుండె వాటిని మూసుకుని కూర్చోలేదు.

వ్యాధి గురించి క్లుప్తంగా చెబుతాను, ఇక్కడి కుటుంబాలకు ఇది కొత్త కాదు. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వేలిన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పు వల్ల ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. 120 రోజులు బతకవలసిన కణం 10, 20 రోజుల్లో చితికిపోతుంది. 1910లో షికాగోలో హెరిక్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు; మన దేశంలో 1952లో నీలగిరుల గిరిజనుల్లో కనుగొన్నారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పార్వతీపురం మన్యంలో, మన రెండు జిల్లాల ఏజెన్సీ అంచుల్లో ఆ పరీక్ష కోసం వేలి నుంచి రక్తపు బొట్టు తీసినవారు ఈ సభలోనే ఉన్నారు. వ్యాధి ఉందని తేలాక ఆ మనిషిని ఏళ్ల తరబడి ఎలా చూసుకోవాలన్నది వేరే పని. నేను మాట్లాడేది అందులో ఒక చిన్న భాగం గురించే.

ఆ 31 సార్లలో రక్తం నిజంగా ఎన్నిసార్లు అవసరమై ఉంటుంది? పక్షవాతం వచ్చినప్పుడు, ఊపిరితిత్తులు పట్టేసినప్పుడు, ప్లీహం ఒక్కసారిగా ఉబ్బి రక్తమంతా అందులో చిక్కుకున్నప్పుడు, హీమోగ్లోబిన్ ఉన్నట్టుండి పడిపోయినప్పుడు రక్తం ప్రాణం నిలబెడుతుంది; అక్కడ ఇనుము గురించి ఆలోచిస్తూ ఆగకూడదు. కాని ఎప్పుడూ 7, 8 దగ్గర నిలకడగా ఉండే కుర్రవాడికి ఒళ్లునొప్పులు వచ్చిన ప్రతిసారీ, అంకె తక్కువగా ఉందని ఒక సంచి ఎక్కించడం చికిత్స కాదు. ఆ చీటీల్లో సగానికి పైగా అటువంటివేనని నా అనుమానం. పైగా అవి నాలుగు వేర్వేరు ఊళ్ల ఆసుపత్రులవి. ఒకరు ఎక్కించినది మరొకరికి తెలియదు. లెక్క పూర్తిగా తెలిసినవాడు ఆ తండ్రి ఒక్కడే.

ఇక ఇనుమును ఎలా చూస్తామన్నది అసలు విషయం. గుండె కండరం నుంచి చిన్న ముక్క కోసి చూసే పద్ధతి ఒకటుంది. ఇనుము కండరంలో అంతటా సమానంగా పరచుకోదు కనుక, ముక్క తీసిన చోట లేకపోతే అసలే లేదని మోసపోతాం. గుండె స్కానింగ్ అని మనమంతా పిలిచే ఎకో ఇనుమును చూడలేదు. కండరం బలహీనపడ్డాక ఆ బలహీనతను మాత్రమే చూపిస్తుంది. అప్పటికి చాలా ఆలస్యమై ఉంటుంది. 2001లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి బృందం తలసీమియా (చిన్నతనం నుంచీ రక్తం ఎక్కించుకోవలసి వచ్చే మరో పుట్టు రక్తవ్యాధి) రోగులకు ఎమ్మారైలో టీ2 స్టార్ అనే కొలతను వాడి, గుండెలోని ఇనుమును సూదీ కత్తీ లేకుండా అంచనా వేయవచ్చని చూపింది. ఆ కాలంలో తలసీమియా పిల్లలు, యువకులు ఎక్కువగా చనిపోయేది గుండె వైఫల్యంతోనే. ఈ కొలత వాడుకలోకి వచ్చి, దాన్ని చూసి మందులు మార్చడం మొదలయ్యాక బ్రిటన్‌లో ఆ మరణాలు గణనీయంగా తగ్గాయి.

టీ2 స్టార్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు తప్పెటగుళ్లను మించిన పోలిక దొరకలేదు. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని పదిహేను, ఇరవై మంది ఒకే దెబ్బ మీద ఆడుతుంటే ఆ మోత ఊరవతలకు వినిపిస్తుంది. నేల చదునుగా ఉన్నంతసేపు అడుగు కలుస్తుంది, దెబ్బ కలుస్తుంది. అదే జట్టును రాళ్లూ గుంతలూ ఉన్న చోట ఆడమంటే ఒక్కొక్కరి అడుగు ఒక్కో తీరున పడి, కాసేపటికే ఎవరి దెబ్బ వారిదై, కలిసిన మోత వినపడకుండా పోతుంది. ఎమ్మారై యంత్రంలో ఆడేది మన ఒంట్లోని నీటి అణువుల్లో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు. భూమికి ఉన్న అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు ఉన్న అయస్కాంతంలో వాటిని నిలబెట్టి, రేడియో తరంగంతో ఒక్క తాటి మీద కదిలిస్తాం. అవి కలిసి కదిలినంతసేపు సంకేతం వస్తుంది. కండరంలో ఇనుము ఉంటే అక్కడక్కడ అయస్కాంత క్షేత్రం ఎగుడుదిగుడు అవుతుంది. ఆ రాళ్ల నేల మీద తాళం త్వరగా చెదిరిపోయి, సంకేతం త్వరగా ఆరిపోతుంది. ఎంతసేపటికి ఆరిందన్నదే టీ2 స్టార్. మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో దాన్ని చెబుతారు. ఇనుము ఎంత ఎక్కువైతే ఆ అంకె అంత తగ్గుతుంది. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇనుము నిలవను అంచనా వేసే రక్తపరీక్షలో ఫెరిటిన్ అంకె పెరిగితే భయపడే అలవాటున్న కుటుంబాలు ఇక్కడ కూడా పెద్ద అంకె చూసి భయపడటం నేను చూశాను.

ఆచరణలో ఇదెంతో చిన్న పని. రోగి పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి ఉంటే, గుండె రెండు దిగువ గదుల మధ్యనున్న గోడను, సుమారు 2 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి 18 దాకా, వేర్వేరు క్షణాల్లో ఎనిమిది చిత్రాలుగా తీస్తారు. ఆ గోడనే ఎంచుకోవడానికి కారణముంది. గుండె బయటి గోడ పక్కనే గాలితో నిండిన ఊపిరితిత్తి ఉంటుంది, దగ్గరలోనే సిరలున్నాయి. గాలీ కండరమూ కలిసే చోట ఇనుము లేకపోయినా క్షేత్రం చెదిరి తప్పు అంకె వస్తుంది. మధ్య గోడకు రెండు వైపులా రక్తమే కనుక కొలత నమ్మదగినదిగా ఉంటుంది. 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత శక్తికి కొలమానం) యంత్రం మీద 20 మిల్లీసెకన్లు దాటితే గుండెలో చెప్పుకోదగ్గ ఇనుము లేదని, 20 కంటే తక్కువైతే చేరిందని, 10 కంటే తక్కువైతే గుండె వైఫల్యం ముప్పు బాగా పెరిగిందని లెక్క. ఇరవై దగ్గర గీత గీయడం ఊరికే జరగలేదు. ఇనుము పేరుకున్న 12 మంది రోగుల గుండెలను, మరణానంతరమో గుండె మార్పిడి తర్వాతో, ఎమ్మారైలోనూ రసాయన పరీక్షలోనూ కొలిచి సరిపోల్చి 2011లో ప్రచురించారు. 20 మిల్లీసెకన్లంటే ఎండిన కండరం గ్రాముకు కొంచెం అటూఇటుగా 1.1 మిల్లీగ్రాముల ఇనుమని దానివల్ల తేలింది. విద్యార్థులు ఇంకొకటి రాసుకోండి: 3 టెస్లా యంత్రంలో తాళం ఇంకా త్వరగా చెదురుతుంది కనుక అక్కడ ఈ గీతలు వర్తించవు. నివేదికలో అంకె పక్కన యంత్రం శక్తి రాసి లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఇంతవరకు చెప్పినదంతా తలసీమియా నుంచి నేర్చుకున్నది. సికిల్ సెల్‌కు దాన్ని యథాతథంగా అంటించడం దగ్గరే చాలామంది పొరపడతాం, నేనూ పొరపడ్డాను. 2004లో లాస్ ఏంజెలెస్‌లోని పిల్లల ఆసుపత్రి బృందం తలసీమియా రోగులనూ, రక్తం ఎక్కించుకుంటున్న సికిల్ సెల్ రోగులనూ పక్కపక్కన పెట్టి చూసింది. కాలేయంలో ఇనుము ఇరువురికీ దీటుగానే ఉంది. తలసీమియా వారిలో పలువురి గుండెల్లో ఇనుము కనబడింది. సికిల్ సెల్ వారి గుండెల్లో కనబడలేదు. తర్వాత వచ్చిన పరిశీలనల్లోనూ మొత్తం మీద ఇదే తీరు. దీర్ఘకాలం ఎక్కువ రక్తం ఎక్కించుకుని ఇనుము తీసే మందు సరిగా వాడని కొద్దిమందిలో మాత్రమే సికిల్ గుండెలో ఇనుము దొరుకుతోంది.

ఎందుకీ తేడా? కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ ఇనుముకు కాపలాదారు. అది ఎక్కువగా ఉంటే పేగులు ఇనుమును లోపలికి రానివ్వవు, భక్షక కణాలు తమ నిలవను బయటికి వదలవు. తలసీమియాలో ఎముక మజ్జ కణాలను తయారుచేయబోయి విఫలమవుతూ ఆ హార్మోన్‌ను అణచివేస్తుంది. రక్తం ఎక్కుతూనే ఉంటుంది, పేగు తలుపులూ తెరుచుకునే ఉంటాయి. సికిల్ సెల్‌లో ఒంట్లో ఎప్పుడూ కొద్దిపాటి వాపుగుణం ఉండటం వల్ల హెప్సిడిన్ అంతగా పడిపోదు, ఇనుము భక్షక కణాల్లోనే కట్టుబడి ఉంటుంది, విడిగా తిరిగేది తక్కువ. కణాలు రక్తనాళాల్లోనే చితికిపోవడం వల్ల మూత్రంలో కొంత ఇనుము పోతుంది కూడా. తలసీమియా బిడ్డకు సాధారణంగా మొదటి రెండేళ్ల లోపే రక్తం మొదలవుతుంది, సికిల్ బిడ్డకు సాధారణంగా ఆలస్యంగా, విడతలు విడతలుగా ఎక్కుతుంది. ఈ కారణాల్లో దేని వాటా ఎంతో కచ్చితంగా తూచలేము, కాని అన్నీ ఒకే వైపు లాగుతున్నాయి. సికిల్, బీటా తలసీమియా రెండూ కలిసి వచ్చిన బిడ్డ చిన్నతనం నుంచీ నెలనెలా రక్తం మీదనే పెరుగుతుంటే, ఆ బిడ్డను తలసీమియా బిడ్డలాగే జాగ్రత్తగా చూడటం మంచిదని నా అభిప్రాయం.

అందుకే అమెరికా హెమటాలజీ సొసైటీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు క్రమం తప్పకుండా రక్తం ఎక్కించుకునే సికిల్ రోగులకు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కాలేయం ఎమ్మారై సూచిస్తూ, గుండె ఎమ్మారైని అందరికీ మామూలు పరీక్షగా చేయవద్దన్నాయి. కాలేయంలో ఇనుము ఎండు బరువులో గ్రాముకు 15 మిల్లీగ్రాములు దాటి రెండేళ్లకు పైగా ఉన్నవారికి, ఇనుము వల్ల అవయవాలు దెబ్బతిన్న ఆనవాళ్లు కనబడినవారికి, గుండె పనితీరు తగ్గినవారికి దాన్ని కేటాయించమన్నాయి. ఇక్కడి నుంచి విశాఖపట్నానికి రైలెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లవలసిన కుటుంబాలకు ఈ వరుస తెలియడం చాలా అవసరం. కాలేయం ముందు, గుండె తర్వాత. రెండూ ఒకే పడకలో, ఒకే పూటలో తీయించగలిగితే మరీ మంచిది.

ఇక్కడే ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. సికిల్ రోగి గుండెలో ఇనుము లేదంటే గుండె బాగుందని అర్థం కాదు. ఏళ్ల తరబడి 7 గ్రాముల హీమోగ్లోబిన్‌తో నడిచే ఒంటికి ఆక్సిజన్ అందించడానికి గుండె మామూలు కంటే ఎంతో ఎక్కువ రక్తం తోడుతూ ఉంటుంది. గదులు పెద్దవవుతాయి, పిండే బలం బాగానే కనిపిస్తుంది కాని, స్పందనకూ స్పందనకూ మధ్య వదులై నిండుకునే గుణం తగ్గుతుంది. 2017లో అమెరికాలోని సిన్సినాటి బృందం ఎమ్మారైలోనే మరో కొలతతో చూసి, సికిల్ గుండెల్లో కండరపు పోగుల మధ్య సన్నని పీచు అంతటా అల్లుకుంటోందని, బిగుసుకుపోవడానికి దానికీ సంబంధముందని చెప్పింది. మరోవైపు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎకోలో కుడివైపు కవాటం గుండా వెనక్కు చిమ్మే రక్తం వేగాన్ని బట్టి దాన్ని అంచనా వేస్తాం. 2004లో వెలువడిన ఒక పరిశీలనలో 195 మంది పెద్దవారిలో 32 శాతానికి ఆ వేగం సెకనుకు 2.5 మీటర్లు లేదా అంతకంటే ఎక్కువగా ఉంది, వారిలో మరణాలూ ఎక్కువగా ఉన్నాయి. అయితే 2011లో ఫ్రాన్స్‌లో 398 మందిని పరీక్షించి, అనుమానం ఉన్నవారికి గుండెలోకి గొట్టం పంపి నేరుగా ఒత్తిడి కొలిస్తే, నిజంగా ఆ జబ్బు ఉన్నది మొత్తంలో 6 శాతానికే. అంటే ఎకోలో వేగం ఎక్కువగా కనబడితే అది హెచ్చరిక మాత్రమే, జబ్బు నిర్ధారణ కాదు. ఎకో మన పట్టణాల్లోనే దొరుకుతుంది, ఖర్చూ తక్కువ. ఆయాసంతో వచ్చిన సికిల్ రోగికి మొదట చేయవలసింది అదే.

ఇప్పుడు నా తప్పు. ఆ కుర్రవాడికి ఆయాసం ఉంది, 31 చీటీలున్నాయి. కాగితం మీద "గుండె ఎమ్మారై" అని రెండు మాటలు రాసి పంపాను. ఏమి కొలవాలో రాయలేదు. వెళ్లిన కేంద్రంలో ఏమీ తినకుండా తాగకుండా రమ్మన్నారు. వారు తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. చల్లటి గదిలో గంటకు పైగా పడుకోబెట్టి, గాడోలినియం సూది మందు ఇచ్చి, గుండెపోటు మచ్చల కోసం చేసే పూర్తి పరీక్ష చేశారు. నివేదికలో గుండె గదుల కొలతలన్నీ ఉన్నాయి, మచ్చ లేదని ఉంది. టీ2 స్టార్ లేదు, కాలేయం లేదు. అడగని ప్రశ్నకు వారు జవాబు ఇవ్వలేదని వారిని తప్పుపట్టలేను. ఆ రాత్రికే కుర్రవాడికి తొడల్లో, నడుములో నొప్పులు మొదలై మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చలి, నీళ్లు తాగకపోవడం సికిల్ రోగికి నొప్పులు తెచ్చే కారణాలని ప్రతి తల్లికీ చెప్పే నేనే, ఆ రెండింటి మధ్యకు వాణ్ణి పంపాను.

కనుక పరీక్షకు వెళ్లేవారు ఇవి చూసుకోండి. డాక్టరు కాగితం మీద "ఇనుము కోసం గుండె టీ2 స్టార్, కాలేయం ఇనుము" అని స్పష్టంగా రాయించుకోండి. ఈ కొలతకు సూది మందు అక్కరలేదు, ఎక్స్‌రే కిరణాలూ ఉండవు, మామూలుగా పస్తుండే పనీ లేదు. నీళ్లు తాగి వెళ్లండి. లోపలికి కప్పుకోవడానికి దుప్పటి అడగండి. తుంటి ఎముక అరిగి లోహపు కీలు వేయించుకున్నవారు, ఒంట్లో ఏ లోహమున్నా, గది తలుపు దాటకముందే టెక్నీషియన్‌కు చెప్పండి. పిల్లలకు ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే ఆటలాగా నేర్పండి. ఒంట్లో నొప్పులున్న రోజున వెళ్లకండి, వాయిదా వేయించుకోండి.

ఎమ్మారై దొరకని చోట ఫెరిటిన్ ఉంది కదా అంటారు. ఉంది, చవక కూడా. కాని ఫెరిటిన్ ఇనుము నిలవతో పాటు జ్వరానికీ, వాపుకూ, కాలేయం చెడినప్పుడూ పెరుగుతుంది. నొప్పులతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు తీసిన ఫెరిటిన్ 3,000 ఉన్నా దాన్ని పట్టుకుని నిర్ణయం చేయలేము. కుదుటపడ్డ కొన్ని వారాల తర్వాత, ఏడాదిలో కొన్నిసార్లు తీసి, అది ఎటు పోతోందో చూడాలి. నిలకడగా 1,000 దాటి ఉంటే ఇనుము తీసే మందు గురించి మాట్లాడుకోవలసిందే. తలసీమియా వారిలో సైతం ఫెరిటిన్‌కూ గుండె టీ2 స్టార్‌కూ పొంతన కుదరలేదని 2001 నాటి పరిశీలనలోనే తేలింది. ఈ లోపాలున్నందువల్లనే నేను ఆ తండ్రి చీటీలను అంత విలువైనవిగా చూస్తాను. ఎన్ని సంచులు ఎక్కాయన్నది జ్వరంతో మారే అంకె కాదు.

ఏఎన్ఎంలకు ఒక విన్నపం. బడి పిల్లలకు వారం వారం ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ రెండూ ఉంటాయి. పదేపదే రక్తం ఎక్కించుకున్న పిల్లలకు ఆ మాత్ర ఆపాలని కార్యక్రమపు నిబంధనల్లోనే ఉంది, కాని తరగతి గదిలో వరసగా పంచేటప్పుడు ఎవరు ఎవరో గుర్తుండదు. సికిల్ బిడ్డకు మేము రాసే ఫోలిక్ ఆమ్లం విడి మాత్ర. "రెండూ రక్తం మాత్రలే" అని ఒకదానికి బదులు మరొకటి ఇవ్వడం తరచు జరుగుతోంది. సికిల్ రోగులందరికీ ఇనుము ఎక్కువగా ఉంటుందని నేను అనడం లేదు. రక్తం అంతగా ఎక్కించుకోని వారిలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఇనుము నిజంగానే తక్కువ ఉండవచ్చు. పరీక్ష చేసి ఇవ్వాలి, చూడకుండా ఇవ్వకూడదు. తిండి విషయంలో మాత్రం బిడ్డ నోరు కట్టకండి. తోటకూర, మునగాకు, చోడి అంబలి మానిపించిన ఇల్లొకటి నాకు తెలుసు. ఏడాది పాటు ఆకుకూర మాని మిగిల్చే ఇనుము ఒక్క సంచి రక్తంతో వచ్చిపడుతుంది.

ఇనుము తీసే మందులు మూడున్నాయి. డెస్ఫెరియాక్సమిన్ పాతది, చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపుతో రాత్రికి 8 నుంచి 12 గంటలు, వారానికి 5 రాత్రులైనా ఎక్కించాలి. డెఫెరిప్రోన్ రోజుకు మూడుసార్లు వేసుకునే మాత్ర. ప్రపంచంలో దానికి మొట్టమొదట అనుమతి వచ్చింది మన దేశంలోనే, 1990ల నడుమ. గుండెలోని ఇనుమును తీయడంలో దానికి మంచి పేరుంది. అయితే కొందరిలో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి కనుక, అది వాడుతూ జ్వరం వస్తే అదే రోజు మందు ఆపి రక్తపరీక్ష చేయించాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు. మూడోది డెఫెరాసిరాక్స్, రోజుకు ఒక్కసారే. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇదే. ఇది మూత్రపిండాలకూ కాలేయానికీ ఇబ్బంది కలిగించగలదు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కనే ఉన్న జిల్లాల్లో క్రియాటినిన్ అన్న మాటకు, మూత్రపిండాల పనితీరు చెప్పే ఆ రక్తపరీక్షకు, వివరణ అక్కరలేదు. సికిల్ జబ్బు తనంతట తానే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, దాని మీద ఈ మందు. అందుచేత నెలనెలా క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడకుండా సీసా తర్వాత సీసా కొనుక్కుంటూ పోకూడదు. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం వచ్చినప్పుడు తాత్కాలికంగా ఆపి డాక్టరును అడగాలి. గర్భం దాల్చినవారూ, దాల్చాలనుకునేవారూ ముందే చెప్పాలి.

ఇక ఇనుమును తీయడం కంటే ముందు, చేరకుండా చూడటం ఉంది. వీలున్న చోట రోగి రక్తం కొంత తీసి, ఆ మేరకే కొత్తది ఎక్కించే ఎక్స్‌ఛేంజ్ పద్ధతి వాడితే ఇనుము పెద్దగా పేరుకోదు. హైడ్రాక్సీయూరియా సంగతి మీకు తెలుసు. 1995లో వచ్చిన పరిశోధన ఫలితాలు అది నొప్పుల విడతలను దాదాపు సగానికి తగ్గించిందని, రక్తం అవసరాన్ని కూడా తగ్గించిందని చూపాయి. అది రోజూ వేసుకునే రోగికి కాలక్రమంలో గుండె ఎమ్మారై అవసరమే రాకపోవచ్చు.

ఏడాది తర్వాత ఆ కుర్రవాణ్ణి మళ్లీ పంపాను, ఈసారి కాగితం నిండా రాసి, సంచిలో నీళ్ల సీసా, దుప్పటి పెట్టించి. గుండె టీ2 స్టార్ 36 మిల్లీసెకన్లు. కాలేయం గ్రాముకు 11 మిల్లీగ్రాములు. గుండెలో ఇనుము లేదు, కాలేయంలో దండిగా ఉంది. తండ్రి నివేదికను తిప్పి తిప్పి చూసి, "గుండెలో ఇనుం నేదన్నారు, మరి ఆయాసం ఎందుకొస్తన్నాది బావూ?" అన్నాడు. ఆ ప్రశ్నను మొదటి రోజునే నన్ను నేను అడిగి ఉండవలసింది. ఎకోలో కవాటం వేగం 2.3, గుండె ఎడమ గది పెద్దది, పిండే బలం సరిగానే ఉంది. హీమోగ్లోబిన్ 6.4. అడగగా అడగగా తెలిసింది, హైడ్రాక్సీయూరియా వాడితే పిల్లలు పుట్టరని ఎవరో చెబితే రెండేళ్ల కిందటే మానేశాడు. ఆ భయం గురించి తండ్రీకొడుకులిద్దరితో ఒక పూట మాట్లాడాక మందు మళ్లీ మొదలుపెట్టాడు, కాలేయం కోసం డెఫెరాసిరాక్స్ కూడా. ఎనిమిది నెలలకు హీమోగ్లోబిన్ 8.7కు చేరింది, కొండ దారిలో ఇంటిదాకా ఆగకుండా నడుస్తున్నానన్నాడు.

ఆ తర్వాత మూడేళ్లలో కవరులో రెండు చీటీలే కొత్తగా చేరాయి. వాటి వెనక తేదీ, ఊరు, ఎక్కించే ముందు హీమోగ్లోబిన్ ఎంత ఉందో, ఎందుకు ఎక్కించారో ఆ తండ్రి అక్కడున్న నర్సు చేత రాయించాడు. కాలేయం పరీక్ష మళ్లీ వచ్చే నెలలో ఉంది. ఇక మీరు అడగండి, ముందు తల్లులు.